నిన్న నట్టల మందు, ఇవాళ టీకా

ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పారిస్‌లో, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రాడికి లూయీ పాశ్చర్ తయారుచేసిన టీకా తొలిసారి పడింది. ఆ జ్ఞాపకంగానే ఈ తేదీ. పలాసలోనైనా, టెక్కలిలోనైనా, ఉద్దానం తోటల నడుమ ఊళ్లలోనైనా కుక్కని టీకాకి తీసుకెళ్లబోయే మనిషిని వెనక్కి లాగే సందేహం ఒకటుంది. నిన్ననే నట్టల మందు పట్టాం కదా, ఇవాళ సూది వేస్తే పనిచేస్తుందా? పిడుదులకి ఇంజెక్షన్ వేయించి వారం కాలేదు, ఆగాలా? దురదకి మాత్రలు నడుస్తున్నాయి, అవి అయ్యాక చూద్దామా? సందేహం సబబైనదే, దాని వెనకాల నిజమైన శాస్త్రమూ ఉంది. కానీ అది చాలాసార్లు ‘వచ్చే నెల చూద్దాం’ దగ్గర ఆగిపోతుంది. వచ్చే నెలకి కుక్క చేతికి దొరకదు, దొరికినా మనిషికి తీరిక దొరకదు. మామూలుగా వాడే మందులు టీకాకి చేసే నష్టాన్నీ, ఆ మందుల పేరు చెప్పి టీకాని వాయిదా వేస్తే జరిగే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి తూస్తే రెండోదే ఎక్కువ తూగుతుంది. ఒక్క మందుల కుటుంబం విషయంలో మాత్రం ముల్లుని కాస్త నిదానంగా చూడాలి.

సూదిలో ఉండేది రక్షణ తయారీకి ముడిసరుకు మాత్రమే. జీడిపిక్కకీ జీడిపప్పుకీ ఉన్నంత దూరం. పిక్క పలాస మిల్లుకి చేరాలి, ఆవిరికి ఉడకాలి, పెంకు పగలాలి, పొట్టు ఊడాలి, గుండు ఒక పక్కకీ బద్ద ఒక పక్కకీ వేరవ్వాలి. అప్పుడు గాని డబ్బాలోకి పప్పు రాదు. టీకా నడక కూడా ఇలాగే ఉంటుంది. చర్మం కింద పడ్డ వైరస్ ముక్కల్ని కాపలా కణాలు మింగి, అరగదీసి, దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్తాయి. అక్కడ టీ కణాలు వాటిని గుర్తుపట్టి రసాయన సంకేతాలు పంపుతాయి. సంకేతం అందుకున్న బీ కణాలు చీలుతూ వేలకు వేలవుతాయి. వాటిలో శత్రువుని గట్టిగా పట్టుకునే యాంటీబాడీ చేసేవి నిలుస్తాయి, తక్కినవి రాలిపోతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఇదంతా జరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏ మందైనా టీకాని చెడగొట్టాలంటే ఈ వరసలో ఎక్కడో ఒకచోట చెయ్యి అడ్డం పెట్టాలి: టీకాలోని సూక్ష్మజీవినే చంపాలి, లేదా కాపలా కణం అరుగుదలని ఆపాలి, లేదా సంకేతాన్ని నొక్కెయ్యాలి, లేదా కణాలు చీలకుండా చెయ్యాలి. మందులన్నిటినీ ఒకే గాటన కట్టి భయపడేకన్నా, ఫలానా మందు ఈ నాలుగింటిలో ఏ పని చేస్తుందని అడిగితే సగం సందేహం అక్కడే తేలిపోతుంది.

నట్టల మందు సంగతే తీసుకుందాం. ఫెన్‌బెండజోల్, పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ లాంటివి పురుగు కండరాలనో, అది తిండి పీల్చుకునే యంత్రాంగాన్నో దెబ్బతీస్తాయి. కుక్క బీ కణాలతో వాటికి పేచీ లేదు. పేచీ ఉన్నది పురుగులతోనే. కడుపునిండా ఏలికపాములు, కొంకిపురుగులు పెట్టుకున్న జంతువులో రోగనిరోధక శక్తి ఆ పురుగుల పోరువైపు మొగ్గి, టీకావైపు చురుకు తగ్గే అవకాశం ఉందని ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే నట్టల మందు టీకా పక్షమే. ఇక్కడో వింత. లెవమిసోల్ అనే పాత నట్టల మందు, పశువులకీ గొర్రెలకీ మనవాళ్లు ఏళ్లుగా పడుతున్నదే, ఎలుకల్లో బ్రూసెల్లా టీకా ప్రభావాన్ని పెంచుతోందని 1971లో ఫ్రాన్స్‌లో కనిపెట్టారు. పురుగుల కోసం పుట్టిన మందు ఆ తర్వాత కొన్నేళ్లు మనుషుల పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలోకి కూడా వెళ్లింది. అంతమాత్రాన టీకాకి ముందు లెవమిసోల్ పట్టించాలని కాదు. నట్టల మందు టీకాని చంపుతుందన్న భయం ఎంత తలకిందులుగా ఉందో చెప్పడానికే ఈ సంగతి. పిడుదుల మందులదీ ఇదే కథ. ఐవర్‌మెక్టిన్ గానీ, కొత్తగా వచ్చిన ఫ్లురలానర్, అఫోక్సొలానర్ మాత్రలు గానీ పురుగు నరాల మీద పనిచేసేవి. తేమగాలి వీచే ఈ తీరంలో పిడుదులు ఎప్పుడూ ఉండేవే, వాటితో వచ్చే జ్వరాలూ ఉండేవే. పిడుదు లేని రోజు చూసి టీకా వేద్దామనుకుంటే ఆ రోజు రాదు.

పిడుదు జ్వరానికి డాక్సీసైక్లిన్ వాడుతున్నప్పుడు మరో అనుమానం వస్తుంది: క్రిముల్ని చంపే మందు టీకాలోని క్రిమిని కూడా చంపదా? యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు వైరస్‌లవి. పైగా హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్ల రక్షరాబ్ లాంటి రేబిస్ టీకాల్లో ఉన్నది ముందే చంపేసిన వైరస్. చచ్చినదాన్ని మళ్లీ చంపేదేముంది? ఈ అనుమానం నిజమయ్యే చోటు ఒక్కటే ఉంది. కుక్క దగ్గుకి ముక్కులో చుక్కలుగా వేసే బోర్డెటెల్లా టీకాలో బతికున్న బాక్టీరియా ఉంటుంది. యాంటీబయాటిక్ వాడుతుండగా ఆ చుక్కలు వేస్తే వృథా. ఆ టీకా ఉద్దానంలో కొబ్బరితోట కాసే కుక్క ముక్కు దాకా రావడం అరుదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

అయితే మనుషుల విషయంలో మామూలు మందులే టీకాని తగ్గించాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1983లో కెన్యాలో పనిచేస్తున్న ఒక అమెరికన్ స్వచ్ఛంద కార్యకర్త ముందస్తుగా రేబిస్ టీకా వేయించుకుని కూడా రేబిస్‌తోనే చనిపోయారు. ఆ మరణం తర్వాత జరిగిన శోధనలో, మలేరియా రాకుండా వాడే క్లోరోక్విన్ చర్మంలోకి వేసే రేబిస్ టీకాకి యాంటీబాడీల స్పందనని తగ్గిస్తోందని తేలి, 1986లో ప్రచురితమైంది. కాపలా కణం వైరస్ ముక్కని అరగదీసేది లోపలి ఆమ్లంతో. క్లోరోక్విన్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. అలాగే 2009లో చెక్ దేశంలో పసిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, జ్వరం రాకముందే పారాసిటమాల్ ఇచ్చిన పిల్లల్లో కొన్ని టీకాలకి యాంటీబాడీలు తక్కువ వచ్చాయి. ఈ రెండూ గట్టి సాక్ష్యాలే. కాకపోతే వాటిని మన కుక్క దగ్గరికి తెచ్చేముందు కొంచెం ఆగాలి. క్లోరోక్విన్ కుక్కలకి రోజూ వాడే మందు కాదు. కుక్కకి టీకా వేసేది చర్మంలోకి కాదు, చర్మం కిందకో కండలోకో, అదీ చర్మంలోకి వేసే కొద్దిపాటి మోతాదు కాదు, నిండు మోతాదు. చెక్ పిల్లల్లో యాంటీబాడీలు తగ్గాయి గానీ రక్షణ స్థాయికి దిగువన పడిపోయినవాళ్లు ఎక్కువమంది లేరు. కుక్కలకి నొప్పి తగ్గడానికి ఇచ్చే మెలాక్సికామ్ ఒకటి రెండు రోజుల మందు. నొప్పి మాత్ర అనగానే కిడ్నీ గుర్తొచ్చే ఈ ప్రాంతంలో ఆ మందు మీద అనుమానం సహజం, కుక్కకైనా అవసరం లేకుండా వాడకూడదన్నదీ నిజం. కానీ ఆ అనుమానానికి కారణం మూత్రపిండం, టీకా కాదు.

ఇక మిగిలినది ఆ ఒక్క కుటుంబం, స్టెరాయిడ్లు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ట్రయామ్సినొలోన్. చవక, తెల్లారేసరికి దురద మాయం. అందుకే గోకుతున్న ప్రతి కుక్కకీ ఒకటి పడుతుంది. (గజ్జికి కారణం చర్మంలో దాగిన డెమొడెక్స్ పురుగైతే స్టెరాయిడ్ దురదని ఆపుతూ పురుగుని పెంచుతుంది. అది వేరే కథే గానీ వేరే ఊరి కథ కాదు.) స్టెరాయిడ్ టీ కణాల సంకేతాల్ని నొక్కేస్తుంది, రక్తంలో లింఫోసైట్ల సంఖ్యని తగ్గిస్తుంది. జరిగే తీరు మాత్రమే చూస్తే టీకా పని సరి అనిపిస్తుంది. కానీ తీరుని చూసి తీర్పు చెప్పకుండా కుక్కలోనే పరీక్షించి చూస్తే లెక్క మారింది. 1979లో అమెరికాలో బీగిల్ పిల్లలకి మూడు వారాలపాటు ప్రెడ్నిసోలోన్ ఇస్తూ డిస్టెంపర్ టీకా వేశారు. పరీక్షనాళికలో లింఫోసైట్ల చురుకు తగ్గింది. యాంటీబాడీలు మాత్రం వచ్చాయి, తర్వాత నిజమైన వైరస్‌ని ఎక్కించినా పిల్లలు తట్టుకున్నాయి. ప్రయోగశాల ఎలుకల లింఫోసైట్లు స్టెరాయిడ్‌కి ఇట్టే లొంగిపోతాయి, కుక్క కణాలు అంత సులువుగా లొంగవు. ఎలుకలో చూసినదాన్ని కుక్కకి అంటగట్టడంలోనే చాలా భయం పుట్టింది. చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం తన టీకా మార్గదర్శకాల్లో ఇలాంటి అధ్యయనాల్ని ఆధారం చేసుకునే, టీకాకి ముందుగానీ దానితోపాటుగానీ ఇచ్చిన స్టెరాయిడ్ యాంటీబాడీలని పెద్దగా అణచదని రాసింది. ఆ వెంటనే ఒక షరతూ పెట్టింది: పిల్లకి మొదటి విడత టీకాలు స్టెరాయిడ్ నడుస్తుండగా పడితే, ఆ మందు ఆపిన రెండు వారాలకో ఆ తర్వాతో మళ్లీ వేయాలి.

ఆ షరతు ఎందుకంటే స్టెరాయిడ్ అన్న పేరు ఒకటే అయినా మోతాదు బట్టి అది రెండు మందులు. దురదకి కిలో బరువుకి రోజుకి అర నుంచి ఒక మిల్లీగ్రాము ప్రెడ్నిసోలోన్ ఇస్తే వాపు తగ్గుతుంది. రెండు మిల్లీగ్రాములూ ఆపైన వారాల తరబడి ఇస్తే రోగనిరోధక శక్తినే అణచాలన్నది ఉద్దేశం. మాత్ర ఆపితే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది, నిలవుండే ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్ వారాలపాటు ఒంట్లో కూర్చుంటుంది. టీకా రకం కూడా తేడా తెస్తుంది. చంపిన రేబిస్ టీకా స్టెరాయిడ్ ఉన్న ఒంట్లో పడితే మహా అయితే కాస్త తక్కువగా పనిచేస్తుంది, అంతకుమించి హాని చేయలేదు. డిస్టెంపర్, పార్వో టీకాల్లో ఉన్నది బలహీనం చేసిన బతికున్న వైరస్. గట్టిగా అణచిన ఒంట్లో అదే జబ్బు తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ ఆగడమే తెలివి. అంచేత ఒకే కుక్కకి ఒకే రోజున రెండు జవాబులు రావచ్చు: రేబిస్ సూది ఇవాళ వేయండి, డిస్టెంపర్–పార్వో సూది ఆగి వేయండి. ఈ రెండు జవాబుల్ని కలిపేసి ‘మందులు వాడుతున్నాం, ఏ టీకా వద్దు’ అనడంలోనే తప్పు దొర్లుతోంది.

స్టెరాయిడ్ కన్నా పెద్ద పేర్లున్న మందుల విషయంలో కూడా అనుభవం మనం భయపడినంత చెడ్డగా లేదు. దురదకి ఈమధ్య బాగా వాడుతున్న ఒక్లాసిటినిబ్ నేరుగా సంకేతాల మీద పనిచేసే మందు. దాన్ని మామూలుకి మూడు రెట్ల మోతాదులో పన్నెండు వారాలు ఇస్తూ, అప్పటిదాకా ఏ టీకా పడని నాలుగు నెలల పిల్లలకి టీకాలు వేసి చూశారు. రేబిస్, డిస్టెంపర్, పార్వోలకి స్పందన సరిపడా వచ్చింది, పారాఇన్‌ఫ్లుయెంజాకి మాత్రం ఎనిమిదింటిలో రెండింటికి చాలలేదు. వీధికుక్కల్లో తరచూ కనిపించే జననాంగాల అంటు కణితికి వారానికొకసారి విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తారు, అది కణాలు చీలడాన్నే ఆపే మందు. అలాంటి క్యాన్సర్ మందులు వాడుతున్న కుక్కల్లో, అంతకుముందు వేసిన టీకాల యాంటీబాడీలు చెప్పుకోదగ్గంతగా పడిపోలేదని 2001లో అమెరికాలో చూశారు. కొత్త టీకాకి ఆ రోజులు మంచివి కావు గానీ, పాత టీకా కొట్టుకుపోదు. ముందే వేయించి ఉంచడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

వీధికుక్కల దగ్గరికొస్తే ఈ చర్చకి ఇంకో పదును వస్తుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పట్టుకున్న కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, నట్టల మందు వేసి, టీకా వేసి, రేబిస్ లక్షణాలున్నవీ మనుషుల మీద పడేవీ తప్ప మిగిలినవాటిని పట్టుకున్న చోటే వదలమంది. (బడులు, ఆసుపత్రులు, రైల్వే స్టేషన్ల దగ్గరి కుక్కల గురించి తర్వాత వేరే ఆదేశం వచ్చింది.) అంటే ఒకే కుక్క మీద ఒకటి రెండు రోజుల్లో మత్తుమందు, కోత, నొప్పి మందు, యాంటీబయాటిక్, నట్టల మందు, టీకా అన్నీ పడతాయి. ఇన్నిటి మధ్య టీకా బతుకుతుందా? 1980లో ఆస్ట్రేలియాలో ఆపరేషన్ రోజునే డిస్టెంపర్ టీకా వేసిన కుక్కల స్పందన దెబ్బతినలేదని తేల్చారు. 2008లో పిల్లిపిల్లల మీద చేసిన పరీక్షలోనూ ఇలాంటి ఫలితమే. ఆదర్శం చెప్పమంటే టీకా ముందు వేసి, మూడు వారాలు ఆగి, ఆపరేషన్ చెయ్యాలి. కానీ పలాస స్టేషన్ ప్లాట్‌ఫారం మీద దొరికిన కుక్కని మూడు వారాల తర్వాత మళ్లీ వెతికి పట్టుకునేదెవరు? ఒకసారి వల తిన్న కుక్క రెండోసారి వల కనబడగానే ఊరు దాటుతుంది.

‘ఆరోగ్యంగా ఉన్న జంతువులకే వేయాలి’ అని టీకా సీసా మీదే రాసి ఉంటుంది కదా, దానికేమంటారు? ఆ మాట టీకాని పరీక్షించిన పరిస్థితుల్ని చెబుతుంది. కంపెనీ పరీక్షించినవి ఆరోగ్యవంతమైన కుక్కలు, కాబట్టి అంతవరకే హామీ ఇస్తుంది. ఒళ్లు కాలిపోతున్న, తిండి మానేసిన కుక్కకి టీకా వాయిదా వేయడం సరైనదే. బక్కచిక్కి, ఒంటినిండా పిడుదులున్న కుక్కని ఆ లెక్కలో వేస్తే మన ఊళ్లలో టీకాకి అర్హమైన కుక్కలు ఎన్ని మిగులుతాయి? అందుకే కుక్కలకి సామూహికంగా టీకాలు వేసేటప్పుడు వయసు, బరువు, ఆరోగ్యం చూడకుండా అన్నిటికీ వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దక్షిణాఫ్రికాలోనూ ఇండోనేషియాలోనూ ఊరకుక్కల్ని పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంట్లో సత్తువ లేని కుక్కలు కూడా రేబిస్ టీకాకి బాగానే స్పందించాయి. గోవా కుక్కలు మన కుక్కల కన్నా సుఖంగా బతికేవేమీ కావు. అక్కడ ఏడాదికి 95,000 దాకా కుక్కలకి టీకా వేస్తూ పోయారు. 2018, 2019లలో ఆ రాష్ట్రంలో మనుషుల్లో ఒక్క రేబిస్ మరణం కూడా నమోదు కాలేదు. నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే ఆ ఊళ్లో వైరస్ గొలుసు తెగుతుంది. మందులు వాడుతున్నవాటిని, చిక్కినవాటిని, గజ్జి పట్టినవాటిని పక్కన పెట్టుకుంటూ పోతే ఆ డెబ్బై ఏనాటికీ రాదు. దేశంలో ఇప్పటికీ ఏడాదికి 5,700 పైచిలుకు మంది రేబిస్‌తో చనిపోతున్నారని 2024లో వెలువడిన ఒక అంచనా.

మందులది తప్పు కాకపోతే టీకా వేసినా పార్వోతో పిల్ల ఎందుకు చచ్చిపోతోంది? ఎక్కువసార్లు నేరం తల్లిపాలది. ముర్రుపాలతో వచ్చిన తల్లి యాంటీబాడీలు పిల్లని కొన్ని వారాలు కాపాడతాయి. అవే టీకాలోని బతికున్న వైరస్‌ని కూడా శత్రువనుకుని తుడిచేస్తాయి. ఒక్కో పిల్లలో ఒక్కో వారానికి అవి తరుగుతాయి కాబట్టి చివరి సూది పదహారు వారాల వయసులోగానీ ఆ తర్వాతగానీ పడాలి. నలభై అయిదు రోజుల పిల్లకి ఒక్క సూది వేయించి ‘అయిపోయింది’ అనుకుని, పిల్ల పోయాక ఆ వారం పట్టిన నట్టల మందుని నిందించడం అన్యాయం. రెండో కారణం చల్లదనం. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నది టీకానో నీళ్లో చెప్పలేం. ఇక్కడ కూడా చంపిన రేబిస్ టీకా కాస్త మొండిది: ఒక కంపెనీ టీకాని 25 డిగ్రీల్లో ఆరు నెలలు, 30 డిగ్రీల్లో మూడు నెలలు ఉంచి టాంజానియాలో కుక్కలకి వేస్తే, చల్లగా ఉంచిన టీకాకి వచ్చినన్ని యాంటీబాడీలే వచ్చాయని 2016లో తేలింది. గడ్డకడితే మాత్రం పాడవుతుంది. మంచు గడ్డకి ఆనించి పెట్టిన సీసా ఎండలో ఉన్నదానికన్నా ముందు చెడొచ్చు. నీళ్లు కలిపిన డిస్టెంపర్–పార్వో టీకాకి ఆ మొండితనం లేదు, కలిపిన వెంటనే వాడాలి.

లెక్కలు చూసేవాళ్లు ఇంకో మాట అంటారు: విదేశాలకి తీసుకెళ్లే కుక్కల రక్తంలో మిల్లీలీటరుకి 0.5 యూనిట్ల రేబిస్ యాంటీబాడీ లేదని వెనక్కి పంపుతున్నారు కదా, అది మందుల వల్ల కాదా? బ్రిటన్‌లో పది వేలకు పైగా కుక్కల ఫలితాలు తిరగేసినప్పుడు తేడా తెచ్చినవి కుక్క పరిమాణం, జాతి, వయసు, వాడిన టీకా. పెద్ద ఒళ్లున్నవి, ఏడాది నిండనివి వెనకబడ్డాయి. ఆ అంకె కూడా ప్రయాణానికి గీసిన గీత. ఒక సూది తర్వాత నెలకి శిఖరానికి వెళ్లి మెల్లగా దిగే యాంటీబాడీ గీత కిందికి జారినా జ్ఞాపక కణాలు ఉంటాయి. రెండో సూది ఆ జ్ఞాపకాన్ని గట్టిచేస్తుంది. ఏ మందునైనా ఆపడం కన్నా ఏడాదిలో రెండో సూది తప్పకుండా వేయించడం ఎక్కువ పని చేస్తుందన్నది ఇక్కడి నుంచే.

ఉద్దానంలో ఈ తూకానికి మరో పక్క ఉంది. ఇక్కడి పెద్దవాళ్లలో అయిదుగురిలో ఒకరికి దగ్గరగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉందని సర్వేలు చెప్పాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలైంది అందుకే. మూత్రపిండాలు దెబ్బతిన్న ఒంట్లో టీకా స్పందన మందగిస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి హెపటైటిస్ బి టీకా రెట్టింపు మోతాదులో వేసేది ఆ కారణానికే. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు జీవితాంతం స్టెరాయిడ్లూ ఇతర అణచివేత మందులూ వాడతారు. కుక్క కరిస్తే వాళ్లకి టీకా ఒక్కటీ చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. మందుల వల్ల టీకా పారకపోవడం అన్న భయం నిజంగా వర్తించేది వాళ్లకి. వీధి చివర కుక్కకి వేసిన సూది వాళ్లకి వేసిన సూది కిందే లెక్క.

టీకా బల్ల దగ్గర కుక్క యజమానిని అడగవలసింది ఒక్కటే: గత నెలన్నరలో స్టెరాయిడ్ పడిందా, పడితే మాత్రా, నిలవుండే ఇంజెక్షనా? పేరు గుర్తుండకపోతే చీటీ, చీటీ లేకపోతే ఖాళీ సీసా. ఏదీ లేకపోతే రేబిస్ సూది అప్పుడే వేసి, రెండో సూది తేదీని కార్డు మీద దగ్గరగా రాసివ్వడమే మేలు. నట్టల మందు ఎప్పుడు పట్టారో కూడా అడగొచ్చు, మూడు నెలలు దాటితే ఆ పూటే మరో మాత్ర వేసి పంపడానికి.